మిలోలో మా ఆయన అమ్మమ్మ ఊరు వెతుక్కుంటూ

మా ఆయన మయామీలో పుట్టి పెరిగాడు. వాళ్ల అమ్మమ్మది ఉత్తర హైతీలోని మిలో. ఆవిడ పోయాక మాకు మిగిలినవి ఒక ఫోటో, ఒక బాప్టిజం కాగితం. 2018 జనవరిలో ఆ రెండూ పట్టుకుని బయల్దేరాం.

మయామీ నుంచి మిలోకి దగ్గరి పట్నమైన కాప్ హైషియన్‌కి నేరుగా విమానం దొరికింది. సముద్రం పక్కన దిగిన హోటల్ శుభ్రంగా ఉంది, భోజనం బాగుంది, కానీ రాత్రంతా జనరేటర్ మోత. గది తీసుకునేముందు అది ఎటువైపు ఉందో అడగండి. ధరల దగ్గర ఇంకో టెన్షన్: అక్కడ 'డాలర్' అంటే చాలాసార్లు హైతీ డాలర్, అంటే 5 గూర్దులు (గూర్దు హైతీ కరెన్సీ). పండ్ల బుట్టకి వంద డాలర్లన్నారని నేను బెదిరిపోయాను. తీరా లెక్కేస్తే 8 అమెరికన్ డాలర్లు కూడా కాలేదు.

రెండు రోజులు ఒక రిజిస్ట్రీ ఆఫీసు చుట్టూ తిరిగాం. 'రేపు రండి' తప్ప ఏమీ తేలలేదు. మిలో వెళ్లి అడిగితే కాగితంలో ఉన్న పేరు ఎవరికీ తెలియదు. అప్పుడు మా డ్రైవరే అడిగాడు, "ఆవిడ నాన్ జ్వెట్ ఏంటి?" అని. అంటే ముద్దుపేరు. మన పల్లెల్లోలాగే అక్కడా జనం నోట్లో ఉండేది అదే. మా ఆయన వాళ్లమ్మకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. పది నిమిషాల్లో ఇల్లు దొరికింది! ఆ డ్రైవర్‌కి ఎంత ఇచ్చినా తక్కువే.

నాలుగు ఇళ్లు ఒకే వాకిలి చుట్టూ ఉన్నాయి. దాన్ని లాకు అంటారు. గేటు దగ్గర ఆగి డ్రైవర్ "ఒనే!" అన్నాడు, గౌరవం అని. లోపలి నుంచి "రెస్పే!" అని జవాబు వచ్చాకే అడుగుపెట్టాం. వచ్చినావిడ అమ్మమ్మగారి అక్క కూతురు, మా ఆయనకి పెద్దమ్మ వరస. ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాఫీ తెచ్చి, మాకిచ్చేముందు మూడు చుక్కలు నేలమీద వంచింది, పోయినవాళ్లకని. ఇంటి పక్కనే నీలం రంగేసిన సమాధిలో ఆవిడ అమ్మ ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన 1804 గుర్తుగా ఏటా జనవరి 1న వండుకునే గుమ్మడికాయ సూప్‌ని మాకోసం మళ్లీ వండింది.

మిలోలోనే రాజు ఆన్రీ క్రిస్టోఫ్ కట్టించిన సాన్ సూసీ ప్యాలెస్, పైన కొండమీద సిటడెల్ కోట ఉన్నాయి. రెండూ 1982 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. ప్యాలెస్ 1842 భూకంపంలో కూలి మొండిగోడలు మిగిలాయి. నాకు కోటకన్నా అదే నచ్చింది. కోటకి గుర్రం మీద వెళ్లొచ్చు, బేరం మాత్రం ఎక్కకముందే తేల్చుకోండి.

ఇప్పుడు పరిస్థితి వేరు. 2024 నవంబరులో రాజధాని పోర్టోప్రిన్స్‌లో విమానాలకి తూటాలు తగిలాక అమెరికా తన విమానాలు అక్కడికి ఆపేసింది. వెళ్లాలనుకుంటే ముందు అక్కడున్న బంధువులనే అడగండి.

పాత ఫోటోలకి రెండేసి ప్రింట్లు తీయించుకోండి. మా దగ్గరున్న ఒక్కటీ పెద్దమ్మ తన బైబిల్లో పెట్టుకుంది. తిరిగి ఇమ్మనడానికి నోరు రాలేదు.