కాంపౌండ్ వర్డ్స్ వర్క్‌బుక్, రెండు నెలలు చేయించాక

మా పాప ఎనిమిదో తరగతి, నౌన్ వర్బ్ అడ్జెక్టివ్ బాగానే గుర్తుపడుతుంది గానీ రెండు మాటలు కలిసిన పదం వస్తే చాలు పెన్ను ఆగిపోతుంది, అందుకే కోఠిలో పాత పుస్తకాల దగ్గర ఈ వర్క్‌బుక్ కనిపిస్తే 90 రూపాయలిచ్చి తెచ్చా, రోజుకో పేజీ చేయించా.

బాగా నచ్చిందేంటంటే లిస్టు ఇచ్చి బట్టీ పట్టమనరు, ప్రతి పదాన్నీ వాక్యంలో పెట్టి అక్కడ అది నౌనా, వర్బా, అడ్జెక్టివా అని అడుగుతారు. అసలు కావాల్సింది అదే. "ఎవ్రీడే" అని కలిపి రాస్తే అడ్జెక్టివ్, ఎవ్రీడే క్లోత్స్ అంటాం కదా, అదే "ఎవ్రీ డే" అని విడదీస్తే రోజూ అని, అడ్వర్బ్ పని చేస్తుంది. "లాగిన్" కలిపితే నౌన్, "లాగ్ ఇన్" విడిగా అయితే వర్బ్. బ్రేక్‌డౌన్ నౌన్ అయినప్పుడు ముందు ముక్కని ఒత్తి పలకాలని కూడా ఇచ్చారు, పైకి చదివిస్తే పాపకి చెవికే తేడా తెలిసిపోయింది.

ఇంకో పేజీలో చివరి మాట చూడమన్నారు. బ్లాక్‌బోర్డ్‌లో చివర బోర్డ్ నౌన్, కాబట్టి మొత్తం నౌన్. డ్రై-క్లీన్‌లో క్లీన్ వర్బ్, మొత్తం వర్బ్. ఇది మన తెలుగులో తత్పురుష సమాసమే కదా అనిపించింది, రాజభటుడు అంటే రాజు కాదు, భటుడే. పాపకి అలాగే చెప్తే వెంటనే "మరి పిక్‌పాకెట్ అంటే జేబు కాదు కదమ్మా, దొంగ కదా" అంది. ఎంత ముచ్చటేసిందో! ముక్కంటి అంటే కన్ను కాదు, శివుడు, ఇదీ అంతే, బహువ్రీహి అని చెప్పా. ఇంగ్లీష్ మీద పనిచేసే భాషాశాస్త్రం వాళ్లు కూడా ఇలాంటి పదాలకి బహువ్రీహి అన్న పేరే వాడతారు. పుస్తకంలో మాత్రం దీని ఊసే లేదు, పాసర్-బై లాంటివీ వదిలేశారు, దాంట్లో చివర "బై" ఉన్నా అది నౌనే, అసలు మాట పాసర్, అందుకే ప్లూరల్ పాసర్స్-బై అవుతుంది. చివరి మాట సూత్రం ఒక్కటే నేర్చుకున్న పిల్లలు ఇక్కడ తప్పు రాస్తారు.

ఇక పెద్ద కంప్లయింట్ వెనకున్న ఆన్సర్ల మీద. "హి వాక్స్ ఎవ్రీ డే" కి అడ్జెక్టివ్ అని వేశారు! పాప కరెక్ట్‌గా అడ్వర్బ్ అని రాసి, వెనక చూసుకుని కొట్టేసి మళ్లీ తప్పు రాసుకుంది, నాకు చాలా బాధేసింది. ఇలాంటివి ఇంకో నాలుగు దొరికాయి.

అయినా ప్రాక్టీస్ వాక్యాల కోసం కొనొచ్చు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి సరిపోతుంది. ఆన్సర్ పేజీలు మాత్రం ముందే చింపి మీ దగ్గర పెట్టుకోండి, డిక్షనరీలో చూసుకుని మీరే దిద్దండి.