మాయా వస్తువుల తయారీ: లెక్క కట్టడమా, దినుసు వేటాడటమా?

పాత్రలు ధరించి ఊహాలోకంలో సాహసాలు చేసే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మాయా వస్తువులను తామే తయారుచేసుకుంటామని ఆటగాళ్లు అడిగినప్పుడు, ఆటను నడిపించే డంజన్ మాస్టర్ ముందు రెండు దారులుంటాయి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ లెక్కను నమ్ముకుంది: అవసరమైన ఫీటూ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) మంత్రాలూ ఉన్న పాత్ర, మార్కెట్ ధరలో సగం బంగారాన్నీ, పాత్ర ఎదుగుదలను కొలిచే అనుభవ పాయింట్లను ఆ ధరలో 25వ వంతూ ఖర్చుపెట్టి, ధరలోని ప్రతి వెయ్యి నాణేలకు ఒక రోజు చొప్పున పనిచేస్తే వస్తువు సిద్ధమవుతుంది. 4,000 నాణేల మాయా అంగీకి 2,000 నాణేలు, 160 పాయింట్లు, నాలుగు రోజులు. బేరం స్పష్టమే కానీ, సగం ధరకే సరుకు దొరుకుతుంటే గుహలో దొరికే నిధికి విలువ తగ్గి, ఆట కాస్తా చిట్టా పద్దుగా మారుతుంది.

ఐదో ఎడిషన్‌కు 2017లో చేరిన నియమాలు తయారీ సూత్రాన్నీ, ఏదో ఒక ప్రాణిని ఎదుర్కొని తెచ్చుకోవలసిన ప్రత్యేక దినుసునూ అడుగుతాయి. అన్‌కామన్ (కాస్త అరుదైన) వస్తువుకు 200 నాణేలు, రెండు పనివారాలు; రేర్ (మరింత అరుదైన) వస్తువుకు 2,000 నాణేలు, పది పనివారాలు. ట్రోల్ అనే రాక్షస ప్రాణి రక్తం కోసం నడుంలోతు బురదలో దిగిన ఘట్టాన్ని ఆటగాళ్లు మరిచిపోరు. అయితే పది వారాల తీరిక ఏ కథలో దొరుకుతుంది? నేనైతే గడువును సగానికి తగ్గిస్తాను గానీ దినుసును వదులుకోను. మామూలు గాయాల మందుకు మాత్రం ఆ నియమాలే వేటను కోరవు: మూలికల సామగ్రి, 25 నాణేలు, ఒక రోజు చాలు.