జంట ప్రాజెక్టులో స్నేహితుడు చేతులెత్తేస్తే: భరించాలా, అడగాలా, టీచరుకు చెప్పాలా?

ఇద్దరికీ కలిపి ఒకే ప్రాజెక్టు, ఒకే మార్కు. గడువు దగ్గర పడేకొద్దీ ఒకరు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని రాస్తుంటే, రెండోవారు 'రేపు తప్పకుండా పంపిస్తాను' అంటూ కాలం గడుపుతుంటారు. ఆ రెండోవారు ప్రాణస్నేహితులైతే ఇక చెప్పనక్కర్లేదు, నోరు పెగలదు.

ఎక్కువమంది చేసేది భరించడమే. పని మొత్తం తామే పూర్తిచేసి, పైన ఇద్దరి పేర్లూ రాసి ఇచ్చేస్తారు. గొడవ లేదు, మార్కులకు ఢోకా లేదు. నా దృష్టిలో మాత్రం మూడింటిలోనూ ఇదే అధ్వానం. మింగిన కోపం ఎక్కడికీ పోదు. రెండు నెలల తర్వాత ఏ పుట్టినరోజు పిలుపు దగ్గరో, సంబంధం లేని మాటగా బయటపడుతుంది. అవతలివారికి అది ఎందుకొచ్చిందో కూడా అర్థం కాదు. పైగా ప్రాజెక్టు గురించి టీచరు నాలుగు ప్రశ్నలు వేస్తే, ఏమీ చేయని స్నేహితుడు తరగతి ముందు నీళ్లు నమలాలి. కాపాడామనుకున్నవాళ్లమే అతన్ని అక్కడ నిలబెట్టినట్టవుతుంది.

నేరుగా టీచరు దగ్గరికి వెళ్లడంలో న్యాయం ఉంది, కాదనను. కానీ మన ఫిర్యాదు స్నేహితుడి చెవిన పడేది టీచరు నోటి నుంచే అయితే, అది అతనికి వెన్నుపోటులాగే ఉంటుంది. ఇంకో చిక్కు, మన లెక్క మనవైపే మొగ్గుతుంది. మైకేల్ రాస్, ఫియోరి సికోలీ అనే మనస్తత్వ పరిశోధకులు 1979లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంటి పనుల్లో ఎవరి వాటా ఎంతని భార్యాభర్తలను విడివిడిగా అడిగారు. చాలా జంటల విషయంలో ఇద్దరు చెప్పిందీ కలిపితే మొత్తం పనిని మించిపోయింది. మన శ్రమ మనకు గుర్తుంటుంది, ఎదుటివారిది కంటికి ఆనదు. టీచరు ముందు 'అంతా నేనే చేశాను' అనేముందు ఇది ఒకసారి తలచుకోవడం మంచిది.

మిగిలింది అడగడం. మొహమాటం అడ్డొస్తుంది, నిజమే. అయినా అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని ఊరికే అనలేదు. 'నువ్వేమీ చేయడం లేదు' అంటే జగడం మొదలవుతుంది. 'మూడో భాగం గురువారం సాయంత్రానికి ఇవ్వగలవా, లేక దాన్ని నేను తీసుకుని పటాల పని నీకు ఇవ్వనా?' అంటే జవాబు వస్తుంది. ఆ జవాబులో ఒక్కోసారి ఇంట్లో అనారోగ్యమో, ఆ పాఠమే అర్థం కాలేదన్న సిగ్గో బయటపడుతుంది. అది బద్ధకమని మనమే తేల్చేసి ఉంటాం.

బద్ధకమే అయినా అతనొక్కడికే పుట్టిన గుణం కాదది. ఫ్రాన్స్ వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మాన్ మనుషులతో తాడు లాగించి చేసిన కొలతలు 1913లో అచ్చయ్యాయి: జట్టు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గింది. తర్వాతి పరిశోధకులు గుంపుగా కేకలు వేయించి చూశారు, అక్కడా ఒక్కొక్కరి గొంతు తగ్గింది. ఎవరి గొంతు ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పగానే ఆ వెనకడుగు తగ్గింది. కాబట్టి ఏ భాగం ఎవరిదో మొదటి రోజే పేర్లతో రాసుకుంటే సగం తగవు పుట్టనే పుట్టదు.

కాపీ సంగతి వేరు. అతను పంపిన పేరాలో అక్షరాల సైజు హఠాత్తుగా మారింది, వాక్యం చివర చదరపు బ్రాకెట్లలో, ఆధారాన్ని సూచించే 4 అనే అంకె అలాగే ఉండిపోయింది. ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి అతికించాడని తెలియడానికి ఇంకేం కావాలి? పని చేయకపోతే నష్టపోయేది నా శ్రమ. ఇక్కడ మాత్రం నా పేరుతో టీచరుకు అబద్ధం అందుతుంది. అప్పుడు భరించడమన్న దారి మూసుకుపోయినట్టే. ఆ పేరా చూపించి, సొంత మాటల్లో తిరగరాయడానికి ఒక్క రోజు గడువు ఇవ్వవచ్చు. కావాలంటే పక్కన కూర్చుని సాయం చేయవచ్చు. అయినా వినకపోతే 'నేను రేపు టీచరుకు చెబుతున్నాను, నువ్వూ వస్తావా?' అని ముందు అతనికే చెప్పి వెళ్లాలి. టీచరును అడగాల్సింది కూడా అతనికి శిక్ష కాదు, ఎవరి భాగానికి వారికే మార్కులు వేయమని.