గోలో ఖాళీ స్లైస్: ఆరేళ్లు వాడాక

గో భాషలో ఆరేళ్లుగా సర్వర్ ప్రోగ్రాములు రాస్తున్నాను. అందులో నాకు ఎక్కువ ఇష్టమైనది ఖాళీ స్లైస్. స్లైస్ అంటే వెనకున్న అర్రేలో (వరసగా పేర్చిన విలువల్లో) కొంత భాగాన్ని చూపే జాబితా. నిల్ స్లైస్ (ఇంకా ఏ విలువా ఇవ్వనిది) పొడవు అడిగితే సున్నా వస్తుంది, లూప్ తిప్పితే ఒక్కసారీ తిరగదు, అపెండ్ చేస్తే (చివర కొత్త విలువ చేరిస్తే) నేరుగా చేరిపోతుంది. అంతకుముందు సీ భాషలో రాసేవాణ్ణి. అక్కడ మెమరీ ఇచ్చే మాల్లాక్ ఫంక్షన్‌ని సున్నా బైట్లు అడిగితే, లైబ్రరీని బట్టి నల్ (ఖాళీ చిరునామా) రావచ్చు, మామూలు పాయింటర్ (మెమరీ చిరునామా) కూడా రావచ్చు. ప్రతిచోటా చెక్ రాసుకోవాల్సిందే. ఆ టెన్షన్ ఇక్కడ లేదు.

స్లైస్ హెడర్‌లో ఉండేవి మూడే: అర్రేని చూపే పాయింటర్, పొడవు, కెపాసిటీ (కొత్త అర్రే అక్కర్లేకుండా ఎన్ని విలువలు పడతాయో). 64 బిట్ల మెషిన్‌లో మొత్తం 24 బైట్లు. నిల్ స్లైస్‌లో మూడూ సున్నాలే. ఖాళీ బ్రేసులతో {} రాసిన స్లైస్‌లో పొడవు, కెపాసిటీ సున్నా, పాయింటర్ మాత్రం కాదు. అలాగని దానికి హీప్‌లో (ప్రోగ్రాము నడుస్తుండగా మెమరీ తీసుకునే చోట) విడిగా చోటు ఖర్చు కాదు. సున్నా సైజు ఎవరడిగినా రన్‌టైమ్ జీరోబేస్ అనే ఒకే చిరునామా ఇస్తుంది. కాబట్టి మెమరీ మిగులుతుందని నిల్ వాడక్కర్లేదు. రాయడానికి తేలిక కాబట్టే నేను వాడతాను.

తేడా బయటపడేది డేటా ప్రోగ్రాము గడప దాటినప్పుడు. ప్రోగ్రాములు డేటా పంపుకునే జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో నిల్ స్లైస్ నల్ అవుతుంది, ఖాళీది [] అవుతుంది. మొదటి ఏడాదిలో నా సర్వర్ పంపిన నల్ వల్ల అవతలి స్క్రీన్ ఆగిపోయింది. గోలోని రిఫ్లెక్ట్ ప్యాకేజీలో పోలిక చూసే డీప్‌ఈక్వల్ ఫంక్షన్ ఈ రెండూ వేరంటుంది, 2023లో గో 1.21తో వచ్చిన స్లైసెస్ ప్యాకేజీలోని ఈక్వల్ ఒకటే అంటుంది. ఇవి ఒకసారి తెలుసుకుంటే చాలు.

నన్ను నిజంగా ఏడిపించింది మూడో రకం ఖాళీ. ఉన్న స్లైస్‌ని [:0] అని కోస్తే పొడవు సున్నా అవుతుంది, పాయింటర్, కెపాసిటీ మాత్రం పాతవే. బఫర్‌ని మళ్లీ మళ్లీ వాడుకోవడానికి ఇది చాలా మంచి పద్ధతి, నేనూ అందుకే వాడాను. కానీ అలాంటి స్లైసులు కొన్ని ఒక మ్యాప్‌లో ఉండిపోయాయి. ఒక్కోదాని వెనక కొన్ని మెగాబైట్ల అర్రే. పాయింటర్ ఉన్నంతకాలం గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని తిరిగి తీసుకునేది) ఆ అర్రేని ముట్టుకోదు. మెమరీ అలా నిండిపోతున్నా, లాగ్‌లో పొడవు సున్నా అని కనబడుతుంటే ఖాళీయే కదా అనుకుని వారం రోజులు ఇంకెక్కడో వెతికాను. హీప్ ప్రొఫైల్ (మెమరీ వాడకం రిపోర్టు) కూడా మెమరీ ఎక్కడ కేటాయించారో చూపిందే గానీ, ఎవరు పట్టుకున్నారో చెప్పలేదు. చివరికి కెపాసిటీ ప్రింట్ చేస్తే దొరికింది. పని అయ్యాక నిల్ పెట్టాను, సమస్య పోయింది. ఎలిమెంట్లు పాయింటర్లైతే ఇంకో జాగ్రత్త కావాలి: అవి చూపే వస్తువులూ అర్రేతో పాటే బతికి ఉంటాయి. [:0] అని కోయకముందే విలువలు తుడిచే క్లియర్ ఫంక్షన్‌ని పిలవాలి, ఎందుకంటే అది పొడవు ఉన్నంతమేరే తుడుస్తుంది.

కంపైలర్ చేసే ఒక చిన్న మేలు కూడా చెప్పాలి. అర్రే పూర్తిగా నిండిన స్లైస్‌ని చివరి నుంచి కోసి, మిగిలే కెపాసిటీ సున్నా అయితే, పాయింటర్‌ని అర్రే దాటనివ్వదు. దాటితే పక్కనున్న సంబంధం లేని వస్తువు కూడా విడుదల కాకుండా ఉండిపోతుంది.

ఖాళీ స్లైస్‌ని ఇప్పటికీ ఇష్టంగానే వాడుతున్నాను. లాగ్‌లో మాత్రం పొడవు పక్కనే కెపాసిటీ కూడా రాస్తున్నాను.