వైస్ సిటీకి మళ్లీ డబ్బులు పెట్టొచ్చా?

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. జీటీఏ (గ్రాండ్ తెఫ్ట్ ఆటో) పాత వీడియో గేములు మూడింటిని కొత్త ముస్తాబుతో కలిపి అమ్మే జీటీఏ ట్రిలజీ డెఫినిటివ్ ఎడిషన్‌ని ఫుల్ రేటు పెట్టి కొనకండి. సేల్ వచ్చినప్పుడు చూసుకోండి, అదీ వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ అంటే పాత పిచ్చి ఉంటేనే. రాజ్యం కట్టి యుద్ధాలు చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ మాత్రం కళ్లు మూసుకుని కొనేయొచ్చు. ఎందుకో కింద రాశాను, కాస్త పొడుగే అయింది.

మా విజయనగరంలో ఒకప్పుడు గంటస్తంభం చుట్టుపక్కల ఏ నెట్ సెంటర్‌కి వెళ్లినా ఇదే సీను. రిజల్ట్స్ చూసుకోడానికో, అప్లికేషన్ నింపుకోడానికో వచ్చినాయన ఒక కుర్చీలో ఉంటే, పక్క కుర్చీలో ఎవడో ఒక గుంటడు వైస్ సిటీ హీరో టామీ చేత పోలీసుల్ని ఉతికిస్తూ ఉండేవాడు. ఆ గేమ్‌ని ఎవరూ కొన్నది లేదు, ఓనరు ఎక్కడినుంచో సీడీ తెచ్చి అన్ని సిస్టమ్స్‌లో ఎక్కించేసేవాడు. మిషన్ల (కథ నడిపే పనుల) జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. ఆ ఇంగ్లీషు ఎవడికి అర్థమైంది గనక? కీబోర్డు మీద పాంజర్ అని కొడితే ఎదురుగా యుద్ధ ట్యాంకు ప్రత్యక్షం, ఇక గంట అయిపోయేదాకా అదే పని. అంటే మా బ్యాచ్‌లో చాలామందికి వైస్ సిటీ వీధి వీధీ తెలుసు గానీ కథ ఎలా ముగిసిందో తెలీదు. ఇలాంటివాళ్లు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటూ, చేతిలో నాలుగు డబ్బులు ఉండి, అదే గేమ్ కొత్త ముస్తాబుతో స్టోర్‌లో కనబడగానే ఆగలేరు. ఆ సంగతి కంపెనీవాళ్లకీ బాగా తెలుసు.

ట్రిలజీ అంటే మూడు గేములు కలిపి: 2001 నాటి జీటీఏ 3, 2002 నాటి వైస్ సిటీ, 2004 నాటి శాన్ ఆండ్రియాస్. 2021 నవంబర్ 11న వచ్చింది. గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ అనే స్టూడియో అన్‌రియల్ ఇంజిన్ 4 వాడి తయారుచేసింది. వచ్చినరోజే రచ్చ. పీసీలో గేమ్‌ని తెరిచే లాంచర్ పడిపోయి రెండు మూడు రోజులు కొన్నవాళ్లే ఆడలేకపోయారు. ఆడినవాళ్లు పెట్టిన స్క్రీన్‌షాట్లు చూసి నెట్ అంతా నవ్వుకుంది. వాన పడితే తెల్లటి గీతలు స్క్రీన్ నిండా దిగి రోడ్డే కనబడేది కాదు. డోనట్ షాపు మీద ఆరు పలకల నట్టు బొమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని సాఫ్ట్‌వేర్ నున్నగా గుండ్రంగా చేసేసింది, అది నట్టు అని కూడా చూసుకున్న నాథుడు లేడు. షాపుల బోర్డుల మీద స్పెల్లింగులు తప్పులు. శాన్ ఆండ్రియాస్‌లో పొగమంచు తీసేసరికి కొండెక్కి చూస్తే ఆ మూలనుంచి ఈ మూలకి మ్యాప్ మొత్తం కనబడిపోయి, అంత పెద్ద రాష్ట్రం ఇంతేనా అనిపించేది. ఆ పొగమంచు పాత పీఎస్2 (ప్లేస్టేషన్ 2 అనే గేమ్ మెషీను) ఎక్కువ దూరం చూపించలేక పెట్టుకున్నదే, కానీ ఊరు పెద్దదని నమ్మించిందీ అదే. లోపం అనుకుని తీసేసినదే అసలు అందం అన్నమాట.

చివరికి జీటీఏ కంపెనీ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పింది, తప్పులు సరిదిద్దే ప్యాచ్‌లు వేసింది. 2023 డిసెంబర్లో ఫోన్లకి వచ్చిన వెర్షన్‌లో పాత రంగులు, పాత ఆకాశం తిరిగి తెచ్చే క్లాసిక్ లైటింగ్ పెట్టారు. అదే 2024 నవంబర్ అప్‌డేట్‌తో పీసీకీ కన్సోళ్లకీ వచ్చింది. ఇప్పుడు కొనేవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ముందు అది ఆన్ చేసుకోండి, మిగతావి తర్వాత. వైస్ సిటీ సాయంత్రం మళ్లీ ఆ నారింజ, గులాబీ కలిసిన రంగులోకి వస్తుంది. మూడేళ్ల తర్వాత ఈ మాత్రం అయింది, సంతోషం. కానీ మొదటి రోజు ఫుల్ రేటు కట్టినవాళ్ల సంగతేంటి?

ఇక మెచ్చుకోవాల్సినవి. పాత వైస్ సిటీలో సేవ్ చేయాలంటే ఓషన్ వ్యూ హోటల్ దాకా వెళ్లి ఆ క్యాసెట్ గుర్తు దగ్గర నిలబడాలి. మన దగ్గర మిషన్ అయిపోయి హోటల్‌కి దారి పట్టేలోపు కరెంటు పోయేది, యూపీఎస్ కీచుమనేది, అయిపోయింది, మళ్లీ మొదటికి. ఇందులో మిషన్ పూర్తవగానే దానంతట అదే సేవ్ అవుతుంది. మిషన్ పోతే అక్కడికక్కడే రీట్రై. మ్యాప్ మీద దారి గీత పడుతుంది. బొమ్మ హెలికాప్టర్‌తో నాలుగు బాంబులు బిల్డింగులో పెట్టే మిషన్ గుర్తుందా? పాత దాంట్లో నమ్‌ప్యాడ్ మీద వేళ్లు మెలికలు పడేవి, ఎంతోమంది అక్కడే గేమ్ వదిలేశారు. ఇప్పుడు కంట్రోలర్ పట్టుకుంటే అది మామూలు మిషనే. నాకైతే రంగులకన్నా, నీళ్లలో నీడలకన్నా ఈ చిన్న చిన్న వసతులే డబ్బుకి విలువ అనిపించాయి. కథ చివరిదాకా చూడనివాళ్లకి ఇప్పుడు సాకు లేదు.

మా మేనల్లుడికి ఇచ్చి చూశాను. వాడు ఫోన్లో షూటింగ్ గేములు ఆడి పెరిగిన బాపతు, పాత ప్రేమలేవీ లేవు. కాసేపు ఆడి "ఏటి మావయ్యా, ఈడి చేతులేటి ఇలాగున్నాయి, కొట్టినా తగిలినట్టు లేదు" అని పక్కన పెట్టేశాడు. వాడన్నది నిజమే. బొమ్మలు కొత్తవి, కదలికలు 2002 నాటివి. మొహాలు నున్నబడ్డాయి గానీ నడక మారలేదు. పాత బొమ్మ గరుకుగా ఉన్నప్పుడు మనసే మిగతాది పూరించుకునేది, ఇప్పుడు ఆ అవకాశం లేదు. రేడియోలో కొన్ని పాటలు కూడా లైసెన్సులు అయిపోయి ఎగిరిపోయాయి. వైస్ సిటీలో సగం ప్రాణం కార్ రేడియోనే కదా.

నాకు నిజంగా ఒళ్లు మండింది ఇంకోచోట. కొత్తది వచ్చేముందు పాత మూడు గేముల్నీ ఆన్‌లైన్ స్టోర్లలోంచి తీసేశారు. జనం గొడవ చేశాక పాత పీసీ వెర్షన్లు మళ్లీ ఇస్తామన్నారు, అది వేరే విషయం. కొత్తది బాగుందో లేదో మేం చూసుకుంటాం, పాతది ఉండనివ్వండి బాబూ.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 వాళ్లు దీనికి పూర్తిగా ఉల్టా. 1999 గేమ్, 2013లో ఒకసారి హెచ్‌డీ చేశారు, 2019 నవంబర్‌లో డెఫినిటివ్ ఎడిషన్. బొమ్మలు 4కేలో గీశారు, గుర్రాలకి కదలిక వచ్చింది, బిల్డింగులు కూలేటప్పుడు ముక్కలు ముక్కలుగా రాలతాయి, అదంతా సరే. అసలు పని చాకిరీ తగ్గించడంలో చేశారు. పొలం అయిపోగానే దానంతట అదే మళ్లీ నాటుకుంటుంది. ఇంజినీరింగ్ హాస్టల్లో ల్యాన్ కేబుల్ వేసుకుని ఆడినవాళ్లకి దీని విలువ చెప్పక్కర్లేదు, యుద్ధంలో తలమునకలై ఉన్నప్పుడు వెనక రైతులు ఖాళీగా నిలబడితే పక్క రూమువాడి చేతిలో చావే. ఆట పునాది మాత్రం ముట్టుకోలేదు, గుర్రాన్ని బల్లెం ఆపుతుంది, బల్లేన్ని బాణం ఆపుతుంది, అదే ఆట. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగం వేసి, అప్పటిదాకా ఇండియన్స్ అని ఒకే ముద్దగా ఉన్నదాన్ని హిందుస్తానీ, బెంగాలీ, గుర్జర, ద్రవిడ అని విడగొట్టారు. ద్రవిడులు మాట్లాడేది తమిళం. తెలుగు రాజులకి ఇంకా నంబరు రాలేదు, చూద్దాం.

పూర్తిగా కొత్తగా కట్టిన రీమేకుల్లో రెసిడెంట్ ఈవిల్ 4 అనే భయపెట్టే షూటింగ్ గేమ్ దగ్గర నాకు మారు మాట లేదు. 2005 గేమ్‌లో తుపాకీ గురి పెడితే కాళ్లు కదిలేవి కావు, 2023 దాంట్లో నడుస్తూ కాల్చొచ్చు, కత్తితో దెబ్బ కాచుకోవచ్చు, ఆ కత్తి కూడా అరిగిపోతుంది. ఐనా ఊళ్లో జనం చుట్టుముట్టినప్పుడు పుట్టే భయం అదే. మా పైడితల్లమ్మ జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను ఏటా కొత్త చెట్టే, సంబరం మాత్రం పాతదే, అలాగన్నమాట. ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 దగ్గరకొస్తే, 2013 గేమ్‌కి 2014లోనే పీఎస్4 రీమాస్టర్ (పాతదానికే మెరుగులు దిద్దింది) వచ్చింది, 2022లో మళ్లీ ఫుల్ రేటు పెట్టి పీఎస్5 రీమేక్. పాతది ఇంకా నిక్షేపంలా ఆడుతున్నప్పుడు ఆ తొందరేమిటో.

టీవీ గేమ్ బ్యాచ్‌కి ఒక మాట: పాత కాంట్రా గేముల కట్ట, కాంట్రా ఆనివర్సరీ కలెక్షన్ 2019లో వచ్చింది, అందులో ఏమీ మార్చలేదు, ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు, అంతే. నాకది చాలు. 30 ప్రాణాలు ఇచ్చే రహస్య కోడ్ వేళ్లకి ఇంకా గుర్తుంది.

కొనేవాళ్లకి. ట్రిలజీకి పీసీలో 45 జీబీ ఖాళీ, కనీసం 8 జీబీ ర్యామ్ ఉంచుకోండి, పాత ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఆశ పెట్టుకోకండి. ఊళ్లో, ఇన్‌స్టాలో 200కి అకౌంట్ ఇస్తాం అంటారు, పాస్‌వర్డ్ మార్చేస్తే మీ గేమ్ ఎవరిదో అయిపోతుంది. విష్‌లిస్ట్‌లో పడేసి పండగ సేల్ దాకా ఆగండి. ఫోన్ వెర్షన్ బాగానే ఉంది గానీ టచ్ మీద కారు తోలడం నరకం, బ్లూటూత్ కంట్రోలర్ ఉంటేనే దాని జోలికి వెళ్లండి.