మెస్ గోడ మీది లెక్కల కాగితం: డివైడింగ్ హాస్టల్‌లో ఏళ్ల తరబడి భోంచేసిన ఒకరి సమీక్ష

మా విశ్వవిద్యాలయ మహిళా హాస్టల్ మెస్ గురించి ఎవరు మాట్లాడినా ముందు సాంబారు పలుచదనం దగ్గరే మొదలుపెడతారు. ఆ విషయంలో నా ఫిర్యాదు కూడా అందరిదే కనుక దాన్ని వదిలేస్తున్నాను. ఎంఏలో చేరినప్పటి నుంచి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించే దశ దాకా ఇదే మెస్‌లో తిన్న మనిషిగా నేను చెప్పదలచుకున్నది వేరొకటి ఉంది. ప్రతి నెలా మొదటి వారంలో, చేతులు కడుక్కునే కుళాయిల పక్క గోడకు ఒక లెక్కల కాగితం అంటిస్తారు. ఈ క్యాంపస్‌లో గ్రంథాలయం, ఆరోగ్య కేంద్రం, వైఫై వగైరా సేవలు ఎన్ని ఉన్నా, నన్ను ఇక్కడ నిలబెట్టింది ఆ కాగితమే అంటే అతిశయోక్తి కాదు.

డివైడింగ్ పద్ధతి తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో చదివిన వారికి కొత్త కాదు. నెల ఖర్చంతా కూడి, ఎవరెన్ని రోజులు బోర్డర్లుగా, అంటే మెస్‌లో తినేవారిగా, ఉన్నారో ఆ రోజుల మొత్తంతో భాగించి, వచ్చిన రోజు ధరను బట్టి ఎవరి బిల్లు వారికి వేస్తారు. ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ల తీరు ఇందుకు భిన్నం. అక్కడ తలకు ఇంత అని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి నెలకు 1,500 రూపాయలుగా ఉన్న ఆ మొత్తాన్ని 2024 నవంబరులో 2,100 చేశారు. అక్కడ ధరలు పెరిగితే కంచంలో కూర తగ్గుతుంది, మా దగ్గర కూర అలాగే ఉండి బిల్లు పెరుగుతుంది. రెండింటిలో ఏది మేలన్న చర్చ మా డైనింగ్ హాల్లో ఎప్పుడూ తేలలేదు. అయితే బిల్లు పెరిగే చోట అది ఎందుకు పెరిగిందో చెప్పే కాగితం లేకపోతే మనం తిన్నది ఎంతో, మన పేరున రాసింది ఎంతో తెలుసుకునే దారి ఉండదు.

ఆ కాగితాన్ని దగ్గరగా చూడడం ఒక చదువే. బియ్యం వరుసలో 26 కిలోల బస్తాలు ఇన్ని అని ఉంటుంది. ఆ అంకె మొదటిసారి కనబడినప్పుడు, 25 కిలోల బస్తా ఉండాలి కదా, కేర్‌టేకర్ మేడం తప్పు రాశారేమో అనుకున్న వాళ్లు మా గదిలోనే ఉన్నారు. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ బరువుండే ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక, దాన్ని తప్పించుకునేందుకు మిల్లులు ఒక కిలో ఎక్కువ నింపి అమ్మడం మొదలుపెట్టాయని, ఆ అంకె వెనుక ఉన్నది అదేనని తరువాత తెలిసింది. గుడ్ల వరుసను ఎవరైనా సరిచూసుకోవచ్చు. జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ హైదరాబాదుకు వంద గుడ్ల ధర ప్రకటిస్తుంది కాబట్టి, దానికి రవాణా కలిపితే మా ధర దగ్గరగా ఉందో లేదో క్షణంలో తేలిపోతుంది. గ్యాస్ వరుసలో 19 కిలోల వాణిజ్య సిలిండర్లు, పక్కన పాలు, పెరుగు, కూరగాయలు, ఆదివారం కోడికూర, చివరన వంటవాళ్ల జీతాలు. అన్నిటికన్నా కింద ఆ నెల బోర్డర్ రోజుల మొత్తం, దాని పక్కన ఎర్ర సిరాతో రోజు ధర.

కాగితం చదవడం అలవాటయ్యాక మెస్ తిండి కూడా కొంత అర్థమవుతుంది. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటి ఇంకా పైకి పోయినప్పుడు, మా మెస్‌లో టమాటా పప్పు చడీచప్పుడు లేకుండా మాయమై, వరుసగా పచ్చిపులుసు, చింతపండు చారు రావడం మొదలయింది. వంటమనుషులకు బద్ధకం పెరిగిందని కొందరు విసుక్కున్నారు. నెల తిరిగాక అంటించిన కాగితంలో టమాటా బరువు మూడో వంతుకు పడిపోయి, చింతపండు బరువు ఎప్పుడూ లేనంతగా పెరిగి ఉంది. రోజు ధర మాత్రం దాదాపు కదలలేదు. ఎవరో కూర్చుని ఆలోచించి మా బిల్లు పెరగకుండా చూశారని ఆ రోజు తెలిసింది, ఆ తరువాత పచ్చిపులుసు మీద నాకు కోపం రాలేదు.

ఈ కాగితం వల్ల ఇంకొక మేలు కూడా జరిగేది. బిల్లు చూసుకోవడానికి అందరూ ఆ గోడ దగ్గర ఆగుతారు కనుక క్యాంపస్ వార్తలన్నీ క్రమంగా అక్కడికే చేరాయి. ప్రీ పీహెచ్‌డీ పరీక్ష ఫీజు గడువు, ఫలానా విభాగంలో ఫలానా రోజున బహిరంగ వైవా, నీళ్ల ట్యాంకర్ వచ్చే వేళ, రక్తం కావాలంటూ ఫోను నంబరు, బతుకమ్మకు పూలు తెచ్చేందుకు చందా, కుళాయి దగ్గర దొరికిన వెండి పట్టీ ఎవరిదో చెప్పమని ఒక చీటీ, ఇవన్నీ కాగితం చుట్టూ అతికి ఉండేవి. పరిపాలనా భవనంలోని అద్దాల నోటీసు బోర్డు తాళం వేసి ఉంటుంది, దాని ముందు ఎవరూ ఆగగా నేను చూడలేదు. మా గోడ ముందు మాత్రం తడి చేతులతో నలుగురు ఎప్పుడూ ఉండేవారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక ఏడాది దసరా నెల బిల్లు మా హాస్టల్‌ను ఒక కుదుపు కుదిపింది. దసరా నెలలో రోజు ధర పెరగడం మామూలే. బతుకమ్మ సెలవులకు సగం మంది ఊళ్లకు వెళ్లిపోతారు. బియ్యం, కూరగాయల ఖర్చు తినేవారితో పాటు తగ్గుతుంది గాని వంటవాళ్ల జీతాలు తగ్గవు. లెక్క తేలికగా ఉండేందుకు గుండ్రని అంకెలతో చెబుతాను. మామూలు నెలలో మూడు వందల మంది ముప్పై రోజులు తింటే 9,000 బోర్డర్ రోజులు. జీతాలు, ఇతర స్థిర ఖర్చులు 1,80,000 అనుకుంటే రోజుకు 20 రూపాయలు, తిండి ఖర్చు 65, వెరసి 85. సెలవుల నెలలో బోర్డర్ రోజులు 4,500కు పడిపోతే అదే స్థిర ఖర్చు రోజుకు 40 అవుతుంది కాబట్టి రోజు ధర 105కు చేరుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే, ఊరికి వెళ్లనివారు ఏటా తిట్టుకుంటూ కట్టేదే. ఆ ఏడాది మాత్రం ఈ ఉదాహరణలో 105 రావలసిన చోట 130 దాటినంత తేడా వచ్చింది.

గోడ ముందు గుమిగూడిన వారందరి నోటా మొదట వచ్చిన మాట దొంగతనం. కేర్‌టేకర్ మేడం ఎవరి పేరు చెప్పి ఎంత రాశారో, సరుకు ఏ ఇంటికి పోయిందో, అన్నీ పది నిమిషాల్లో ఊహల్లోనే తేలిపోయాయి. అప్పుడు కామర్స్ విభాగంలో పరిశోధన చేస్తున్న ఒక అక్క బియ్యం వరుస మీద వేలు పెట్టి, సగం మంది లేని నెలలో మామూలు నెల కన్నా ఎక్కువ బస్తాలు ఎలా వండారని అడిగింది. గుడ్ల ధరలను సరిచూసే నాకు కూడా అంతవరకు ఆ వరుసపై దృష్టి పోలేదు. నూనె, కందిపప్పు వరుసలు కూడా అలాగే ఉబ్బి ఉన్నాయి. కూరగాయలు, పాలు మాత్రం సరిగ్గా సగానికి తగ్గాయి. నిల్వ ఉండే సరుకులన్నీ పెరిగి, నిల్వ ఉండనివన్నీ తగ్గాయంటే ఆ సరుకు ఎక్కడో ఉండి ఉండాలని ఆ అక్క వాదన.

రాత్రి భోజనాలయ్యాక వార్డెన్ మేడం సమక్షంలో సరుకుల గది తెరిపించాం. బస్తాలు కిటికీ చువ్వలు కనబడనంత ఎత్తున పేర్చి ఉన్నాయి. జరిగింది ఇది: సరుకులు ఇచ్చే కాంట్రాక్టరు టెండరు గడువు ఆ నెలాఖరుతో ముగుస్తోంది, కొత్త టెండరులో ధర పెరుగుతుందని అందరికీ తెలుసు, అందుకని పాత ధరకు రావలసిన మిగతా బస్తాలన్నీ కేర్‌టేకర్ ముందే దింపించారు. ఇల్లు నడిపే ఎవరైనా చేసే పనే అది, హాస్టల్‌కు లాభం కూడా. చిక్కల్లా రాయడంలో వచ్చింది. కొన్నదంతా ఆ నెల ఖర్చుగానే ఎక్కింది గాని నెలాఖరున గదిలో మిగిలిన నిల్వను తీసివేయలేదు. వచ్చే నెలలో మూడు వందల మంది తినబోయే బియ్యానికి, సెలవుల్లో హాస్టల్‌లో ఉండిపోయిన వారు డబ్బు కట్టాల్సి వచ్చింది. "కొన్నది కొన్నట్టే రాసినమమ్మా, దాచింది ఏం లేదు" అని కేర్‌టేకర్ మేడం పదే పదే అన్నారు. అది నిజమే. దాచనందువల్లే మాకు దొరికింది కూడా.

పరిష్కారం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బిల్లులు అప్పటికే చీఫ్ వార్డెన్ కార్యాలయానికి వెళ్లిపోయినందున మార్చడం కుదరదని, వచ్చే నెలలో సర్దుతామని చెప్పారు. సర్దారు కూడా, ఆ తరువాతి నెల రోజు ధర గణనీయంగా తగ్గింది. కాని ఆ తగ్గింపు సెలవులు ముగించుకుని ఊళ్ల నుంచి తిరిగి వచ్చిన వారందరికీ సమానంగా పంచబడింది. దసరాకు ఊరికి పోనివాళ్లు ఎవరు? ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నవారు, సిద్ధాంత గ్రంథం ముగించే హడావుడిలో ఉన్నవారు, పోవడానికి ఇల్లు సరిగా లేనివారు. వారిలో కొందరు ఆ నెలతోనే నో డ్యూస్ (బకాయి లేదన్న పత్రం) తీసుకుని హాస్టల్ ఖాళీ చేశారు, వారికి తిరిగి ఒక్క రూపాయి రాలేదు. వ్యక్తిగతంగా ఎవరి బిల్లు వారికి సవరించడానికి రిజిస్టరులో హాజరు ఉంది, కావలసిందల్లా ఒక పూట కూర్చుని చేసే పని. ఆ పూట ఎవరికీ దొరకలేదు.

ఆ గొడవ తరువాత కాగితంలో "మిగులు నిల్వ" అని కొత్త వరుస చేరింది. ఇప్పటికీ ఉంది. అందుకే ఈ మెస్ గురించి ఎవరు అడిగినా నేను చాలాకాలం ఒకే మాట చెప్పేదాన్ని: ఇక్కడ తిండి ఎలా ఉన్నా లెక్క పారదర్శకంగా ఉంటుందని.

ఆ మాటను ఇప్పుడు కొంత సడలించక తప్పదు. లెక్క తెరిచి ఉన్నంత మాత్రాన ఖర్చు తగ్గదు. ఉదయం టిఫిన్ తినని అమ్మాయి, రెండు గరిటెలు ఎక్కువ పెట్టించుకుని సగం పారబోసే అమ్మాయి ఒకే రోజు ధర కడతారు. గైరుహాజరు తగ్గింపు కావాలంటే ముందుగా రాతపూర్వకంగా ఇవ్వాలి, అదీ వరుసగా కొన్ని రోజులు లేకపోతేనే. శనివారం వెళ్లి సోమవారం వచ్చేవారికి అది వర్తించదు. గెస్టు టోకెన్ లేకుండా కూర్చుని తినే బంధువుల భోజనం మా అందరి బిల్లులోనే కలుస్తుంది, అది ఏ వరుసలోనూ కనబడదు.

అంతకన్నా నన్ను బాధించే మార్పు ఇటీవలిది. బిల్లులు పోర్టల్‌లోకి ఎక్కాయి. చలానా పట్టుకుని బ్యాంకులో నిలబడే బాధ తప్పింది, రశీదు పోయిందన్న భయం లేదు, ఆ మేరకు ఇది నిజమైన సౌకర్యం. అయితే పోర్టల్‌లో మన పేరు ఎదురుగా ఒక్క మొత్తం మాత్రమే కనబడుతుంది. రోజు ధర ఉండదు, బస్తాలు ఉండవు, మిగులు నిల్వ అసలే ఉండదు. గోడ మీది కాగితం ఆలస్యంగా వస్తోంది, కొన్ని నెలలు రావడమే లేదు. అడిగితే కార్యాలయంలో రిజిస్టరు చూసుకోవచ్చని అంటున్నారు. కాగితం లేకపోయేసరికి గోడ దగ్గర ఆగేవారు తగ్గి, మిగతా చీటీలు కూడా వాట్సాప్ గ్రూపుల్లోకి పోయాయి. ఏ గ్రూపులో లేనివారికి ట్యాంకర్ వేళ తెలియడం లేదు. బకాయి మాత్రం అందరికీ సకాలంలోనే తెలుస్తోంది.

ఇంతకీ ఈ హాస్టల్‌లో చేరమంటారా అని జూనియర్లు అడిగితే నా జవాబు నా పరిస్థితిని బట్టే ఉంటుంది. నాకు పరిశోధకులకు నెలనెలా ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తుంది, ఒక నెల బిల్లు పెరిగినా కడుపు మాడ్చుకోవలసిన అవసరం రాదు, నడిచి వెళ్లే దూరంలో విభాగం ఉంది, వండుకునే ఓపిక లేదు. ఈ నాలుగూ ఉన్నవారికి ఇంతకన్నా మంచి ఏర్పాటు నగరంలో దొరకదనే నా నమ్మకం. ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్ ద్వారా వచ్చే ఎంటీఎఫ్ (నిర్వహణ భత్యం) మీదే ఆధారపడ్డవారి సంగతి వేరు. ఆ డబ్బు విడుదల కావడం ఆలస్యమైతే బకాయి పేరుకుపోయి, పరీక్షల ముందు నో డ్యూస్ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. వారానికోసారి ఊరికి వెళ్లేవారికి, తక్కువ తినేవారికి నలుగురు కలిసి గది తీసుకుని వండుకోవడమే చౌక కావచ్చు.

చేరాలనుకుంటే మాత్రం ఈ నెల బిల్లు చూసి నిర్ణయించుకోకండి, నిరుటి దసరా నెల కాగితం చూపించమని అడగండి. అందులో మిగులు నిల్వ వరుస ఉందో లేదో చూడండి. కాగితం లేదు, పోర్టల్‌లో చూసుకోమని చెబితే, సరుకుల గది ఒకసారి చూస్తామని కేర్‌టేకర్ మేడంను మర్యాదగా అడగండి. ఆమె కాదనే మనిషి కాదు.