యూనిట్ ధర చూసి కొనడం: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

చాలా ఏళ్లుగా ఇంటి సరుకులు యూనిట్ ధర చూసే కొంటున్నాను. అంటే వంద గ్రాములకో, వంద మిల్లీలీటర్లకో ఎంత పడుతోందో లెక్కేసుకుని. దానికి తోడుగా ఫోన్‌లో కాలిక్యులేటర్, పాత ప్యాకెట్ల ఫొటోలు, ఒక చిన్న డిజిటల్ కాటా వాడాను. వీటిలో ఏది నిజంగా డబ్బు మిగిల్చింది, ఏది పెద్దగా అక్కరకు రాలేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అన్నది చెబుతాను.

ధర పెరిగితే అందరికీ తెలుస్తుంది. బరువు తగ్గితే చాలామందికి తెలియదు. కంపెనీలు ఈ దారి ఎంచుకోవడానికి కారణం అదే. డబ్బా సైజు అలాగే ఉంటుంది, రంగు అలాగే ఉంటుంది, లోపల మాత్రం సరుకు తగ్గుతుంది. బ్రిటన్ గణాంక కార్యాలయం 2012 నుంచి 2017 మధ్య వరకు లెక్క తీస్తే, సైజు తగ్గిన ఉత్పత్తులు 2,529 తేలాయి. టోబ్లెరోన్ చాక్లెట్ 2016లో ఆ దేశంలోనే 400 గ్రాముల నుంచి 360 గ్రాములకు దిగింది. ముక్కల మధ్య ఖాళీ పెంచారు కాబట్టి అది కంటికి కనిపించింది, గొడవ కూడా అయింది. పొడులు, ద్రవాల్లో అలా కనిపించదు.

ముందు లెక్క సంగతి. 125 గ్రాముల సబ్బు అదే ధరకు 100 గ్రాములైతే తగ్గింది 20 శాతం. మనకు పెరిగిన ధర మాత్రం 25 శాతం. తగ్గిన శాతం కంటే పెరిగిన ధర శాతం ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఆఫర్లలో ఇదే తిరగబడుతుంది. 'ఇరవై ఐదు శాతం అదనం' అని రాసిన ప్యాక్ ఇచ్చేది 20 శాతం తగ్గింపు. పక్కనే మరో కంపెనీ ధర మీద నేరుగా 22 శాతం తగ్గించి ఉంటే, మిగతాదంతా సమానమైనప్పుడు ఆ రెండోది కొనడమే లాభం. ఈ ఒక్క లెక్క ఒంటబట్టాక ఆఫర్ స్టిక్కర్ చూసి ఆగడం మానేశాను. పెద్ద ప్యాక్ అంటే చవక అన్న నమ్మకం కూడా పోయింది. పెద్దదాని యూనిట్ ధర చిన్నదాని కంటే ఎక్కువ ఉన్న సందర్భాలు నాకు చాలాసార్లు తగిలాయి.

నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చినవి ఫొటోలు. యూనిట్ ధర చెప్పేది ఈరోజు ఏది చవక అన్నది మాత్రమే. నిన్న ఎంత ఉండేదో అది చెప్పదు. తరచూ కొనే వాటికి నెట్ వెయిట్ రాసి ఉన్న వైపు ఒక ఫొటో తీసి, ఫోన్‌లో వేరే ఫోల్డర్‌లో పెడతాను. కొత్త ప్యాకెట్ ఇంటికి రాగానే పక్కపక్కన పెట్టి చూడటం ఒక్క నిమిషం పని. 'కొత్త లుక్', 'మెరుగైన ఫార్ములా' అని రాసి ఉన్నప్పుడు తప్పకుండా చూస్తాను, ఎందుకంటే బరువు మారేది ఎక్కువగా డిజైన్ మారినప్పుడే. ఒక డిటర్జెంట్ పొడి విషయంలో ఈ ఫొటోలే అసలు సంగతి బయటపెట్టాయి. ముందు ప్యాక్‌లో బరువు తగ్గించారు. కొన్నాళ్లకు 'అదనం ఉచితం' అని పెద్ద అక్షరాలతో కొత్త ప్యాక్ వచ్చింది. అందులో ఉన్నది దాదాపు మునుపటి బరువే. మనం అంతకుముందు డబ్బు పెట్టి కొన్నదాన్నే మళ్లీ కానుకలా ఇస్తున్నారన్నమాట. నాకు చాలా కోపం వచ్చింది. ఫొటో లేకపోతే నేనూ సంతోషంగా రెండు ప్యాకెట్లు తెచ్చుకునేవాడిని.

ఇక యూనిట్ ధరతో ఉన్న చిక్కులు. వాడేకొద్దీ తెలిసేవి ఇవే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మొదటిది, కొలతలు కలవకపోవడం. ఒక టూత్‌పేస్టు మీద గ్రాములు, ఇంకోదాని మీద మిల్లీలీటర్లు ఉంటాయి. పేస్టు నీళ్ల కంటే బరువు కాబట్టి 100 మిల్లీలీటర్ల పేస్టు సుమారు 130 గ్రాములు తూగుతుంది. అంటే 120 గ్రాముల ట్యూబు కంటే 100 మిల్లీలీటర్ల ట్యూబులోనే సాధారణంగా ఎక్కువ పేస్టు ఉంటుంది. అంకెలు మాత్రమే చూస్తే దీనికి తలకిందులుగా అనిపిస్తుంది.

టిష్యూ రోల్స్‌తో ఇంకా ఇబ్బంది. షెల్ఫ్ లేబుల్ మీద షీటుకు ఇంత అని ఉంటుంది. షీటు చిన్నదైతే ఆ ధరకు అర్థమే లేదు. 11 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు ఉన్న 200 షీట్లు కలిపితే 2.2 చదరపు మీటర్లు. పక్క రోల్‌లో షీట్లు 220 ఉన్నా, ఒక్కోటి 10, 9 సెంటీమీటర్లే అయితే మొత్తం 1.98. షీట్లు ఎక్కువ, కాగితం తక్కువ. ఎన్ని పొరలు అన్నది కూడా చూడాలి. అందుకే రోల్స్ కొనేటప్పుడు విస్తీర్ణం లెక్కేస్తాను. కంపెనీలు చాలావరకు షీటు కొలతలు చిన్న అక్షరాల్లో ఇస్తాయి.

లిక్విడ్ డిటర్జెంట్‌కైతే లీటరు ధర అసలు నమ్మను. ఒకటి చిక్కగా, ఒకటి పల్చగా ఉంటుంది. వాష్‌కు ఎంత పడుతోందన్నదే సరైన కొలత. అది కూడా సీసా మీద రాసిన వాష్‌ల సంఖ్యను బట్టి కాకుండా, ఒక వాష్‌కు ఎన్ని మిల్లీలీటర్లు పోయమన్నారో చూసి లెక్కేయాలి. మూత నిండా పోస్తే చాలాసార్లు చెప్పినదానికంటే ఎక్కువే పడుతుంది. లోపల గీత ఉంటుంది, అక్కడి వరకే పోయాలి. ఈ గీత పాటించడం వల్ల మిగిలినంత, బ్రాండ్లు మార్చడం వల్ల నాకు మిగల్లేదు.

కాటా గురించి ఎక్కువమంది అడుగుతారు. మోసం బయటపడుతుందని ఆశపడి కొన్నాను. నేను తూచిన వాటిలో ఎక్కువ భాగం లేబుల్ మీద రాసినంతే ఉన్నాయి. తగ్గించిన బరువును కంపెనీలు దాచవు, ప్యాకెట్ మీదే రాస్తాయి, మనమే చదవం. అందుకే చదివే అలవాటు ముందు కాటా పెద్దగా చేసేదేమీ లేదు. కొంచెం తేడా వచ్చినా అది నేరం కాకపోవచ్చు. యూరప్‌లో బరువు పక్కన 'ఇ' (ఇంగ్లిష్ చిన్న e) గుర్తు ఉన్న ప్యాకెట్లకు ఒక బ్యాచ్ మొత్తం సగటు రాసిన బరువుకు తగ్గకూడదు. విడిగా ఒక ప్యాకెట్‌కు కొంత తేడా ఒప్పుకుంటారు. 500 గ్రాముల నుంచి కిలో వరకు ఆ తేడా 15 గ్రాములు. సబ్బులో తేమ ఆరిపోతుంది కాబట్టి, పాత స్టాకు సబ్బు తూచి తక్కువుందని గొడవపడితే మన మాట నిలవదు. ఎవరైనా తూచాలనుకుంటే నిండు ప్యాకెట్ ఒకసారి, ఖాళీ కవరు ఇంకోసారి తూచి తీసేయండి. కాటా గట్టి బల్ల మీద ఉండాలి, బ్యాటరీ కొత్తదై ఉండాలి.

ఈ పద్ధతికి అందనిది క్వాలిటీ. బరువు, ధర కదలకుండానే లోపలి సరుకు పల్చబడుతుంది. షాంపూ, క్రీముల మీద ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయడం చాలా దేశాల్లో నియమం. అందుకని పదార్థాల జాబితా కూడా ఫొటో తీస్తున్నాను. వరస మారితే ఫార్ములా మారినట్టే. ఎంత మారిందో మాత్రం తెలియదు, అదే బాధ.

లేబుళ్ల మీద యూనిట్ ధర రాయాలన్న నియమం యూరోపియన్ యూనియన్‌లో 1998 ఆదేశంతో వచ్చింది. ఆస్ట్రేలియా పెద్ద కిరాణా దుకాణాలకు 2009లో తెచ్చింది. భారత్ 2021 సవరణతో ప్యాకెట్ మీదే ముద్రించమంది. ప్యాకెట్ మీద ఉండేది గరిష్ఠ ధరను బట్టి వేసిన లెక్క. దుకాణంలో తగ్గింపు ఇస్తే అసలు యూనిట్ ధర వేరే ఉంటుంది, మళ్లీ మనమే లెక్కేసుకోవాలి. నాకు బాగా నచ్చింది ఫ్రాన్స్ చేసిన పని. 2024 జులై 1 నుంచి 400 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు, సరుకు తగ్గి యూనిట్ ధర పెరిగితే ఆ సంగతి రెండు నెలల పాటు షెల్ఫ్ దగ్గరే రాసి పెట్టాలి. అదే ఏడాది ఆగస్టులో దక్షిణ కొరియా తయారీదారులు మూడు నెలలు చెప్పి తీరాలంది. ఇది ప్రతిచోటా వస్తే నా ఫోల్డర్‌లోని ఫొటోలన్నీ తీసేస్తాను. కొనేవాళ్లు నిఘా పెట్టి కనుక్కోవాల్సిన విషయం కాదిది, అమ్మేవాళ్లు చెప్పాల్సినది.

అందరూ ఇదంతా చేయాలని అనను. టైమ్ లేనివాళ్లు ఎక్కువ ఖర్చయ్యే పది వస్తువులను ఎంచుకుని, వాటి నెట్ వెయిట్ ఫొటో తీసి పెట్టుకుంటే చాలు. నెలకోసారి కొనే చిన్న వస్తువు మీద లెక్కలేస్తూ నిలబడటం అనవసరమైన టెన్షన్. బరువు తగ్గిందని తేలితే ఒకసారి పోటీ బ్రాండు యూనిట్ ధర చూడండి, మారడానికి వీలుంటే మారండి, కస్టమర్ కేర్‌కు నాలుగు లైన్లు రాయండి. నాకు సూటిగా జవాబు వచ్చింది తక్కువే, అయినా రాస్తూనే ఉన్నాను. కాటా మాత్రం దీనికోసమని ప్రత్యేకంగా కొనకండి. ఇంట్లో ఉంటే వాడుకోండి.